కాలువ అవతలి చేను

దశరథం సార్ విసుగ్గా సుద్దముక్కను బల్ల మీద పడేశారు. ఉప్పునుంతల ట్యూషన్‌లో పొద్దటి నుంచీ అదే పాఠం.

"రూజ్‌వెల్ట్ పనామాను కొలంబియా నుంచి విడగొట్టించి, కాలువ జాగా అమెరికా చేతిల పెట్టిండు. గింత చిన్న ముచ్చట మీ తలకెందుకు ఎక్కదు?"

శిల్ప లేచి నిలబడింది. "కాలువ అవతల చేన్లున్నోళ్లు ఎట్ల దాటుతుండిరి సార్?"

"అమెరికోళ్లు ఒప్పుకుంటెనే దాటాలె."

"దేశం వాళ్లదే గద సార్."

"దేశం వాళ్లదే. కాలువ మీద పెత్తనం అమెరికాది. సామ్రాజ్యవాదమంటే గదే. ఇప్పుడన్న సమజైందా?"

"సమజైంది సార్." శిల్ప మాత్రం కూర్చోలేదు. "మా పల్లిచేను మనూరి కాలువ అవతలే ఉన్నది. నిన్న గూడ మా అమ్మ వంతెన కాడికెళ్లి మర్లొచ్చింది. వంతెన మీద మీరేసిన గేటు తాళం ఇయ్యాలన్న తీస్తరా?"