ఏడుపు వినబడని ఊరు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, పైడమ్మ సంగతి చెబుతాను. ఓ పెద్ద కంపెనీ, అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండే నగరంలోనే తన ముఖ్య కార్యాలయం పెడతానని పోటీ పెట్టింది. మన నగరంలో గోడగోడకూ చప్పుడు విని మార్కులేసే యంత్రాలు బిగించారు. ఆ వారమే పైడమ్మ పెనిమిటి గురువులు పోయాడు.

పోయినవాడి మంచి చెప్పుకుంటూ శోకాలు పెట్టడం వాళ్ల ఆచారం. ఆమె నోరు తెరిచేసరికి పక్కింటి అప్పలకొండ పరుగున వచ్చింది.

"నీ కాళ్లట్టుకుంటాను వదినా! నువ్వేడిస్తే ఊరికి మార్కులు పోతాయి, మా పిల్లకి ఉజ్జోగం రాదు. ఫలితాలొచ్చాక ఇద్దరం కూకుని ఏడుద్దాం."

పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డప్పు లేకుండానే గురువులు కాటికి వెళ్లాడు.

పదకొండో నాడు ఫలితాలొచ్చాయి, కంపెనీ వేరే నగరానికి పోయింది.

"ఇంక ఏడు వదినా," అంది అప్పలకొండ.

పైడమ్మ నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు.

ఆమె చెప్పలేకపోయిన మంచి నేను చెబుతాను. కుళాయి రాని రోజుల్లో గురువులు ముసలివాళ్లకు మేడమీదికి నీళ్లు మోసేవాడు తల్లీ. గుర్తుంచుకో. నలుగురికీ గట్టిగా చెప్పు.