విప్పిన కుట్లు

వరండాలో బల్ల మీద పెట్టిన ముప్పై మాస్కుల కుట్లు తెల్లారేసరికి విప్పేసి ఉన్నాయి.

చింపెయ్యలేదు. ఒక్కో కుట్టునీ సూదిమొనతో ఓపిగ్గా లేపి, దారం లాగేసి, గుడ్డముక్కల్ని వరసగా పేర్చి పెట్టారు.

వత్సలకి ఒళ్లు మండిపోయింది. అంత తీరుబడి ఆ ఊరు మొత్తానికి ఒక్కరికే ఉంది.

లాక్‌డౌన్ మొదలయ్యాక కేరళలో చాలక్కుడి దగ్గర ఆ ఊళ్లో ఎనిమిది మంది ఆడవాళ్లు ఇళ్లలోనే మాస్కులు కుడుతున్నారు. కత్తిరించి ఇచ్చేదీ, సరిచూసి ఆస్పత్రికి పంపేదీ వత్సలే. కూడలిలో ఇరవై రెండేళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి ఆమెది. పైగా ఆ ఆస్పత్రిలో జ్వరాల వార్డు ఊడ్చి తుడిచే పని ఆమె కూతురు ధన్యది.

ఎలీశ్వ అనే ముసలావిడ ఈ మధ్యనే వచ్చింది. కాలవ అవతల వర్కీ మాష్టారి మేడ మీద గది అద్దెకి తీసుకుంది. డెబ్భై ఏళ్లుంటాయి. ఎవరితోనూ కలవదు. ఎవరైనా పలకరిస్తే తలూపి ఊరుకుంటుంది. గర్వమని అందరూ అనుకున్నారు.

ఒకరోజు ఆవిడే వచ్చి, తనకీ కుట్టడం వచ్చు, గుడ్డ ఇమ్మని అడిగింది. వత్సల నలభై మాస్కులకి సరిపడా ఇచ్చింది.

మూడు రోజులకి తెచ్చినవి పదకొండు.

"పెళ్లికూతురి జాకెట్టు కుడుతున్నారా చేచీ?" అంది వత్సల, అక్కని పిలిచినట్టే పిలుస్తూ. పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఎలీశ్వ నవ్వలేదు. మిగతావాళ్లు కుట్టిన ఒక మాస్కు తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. వెలుతురు ఇటు కనిపిస్తోంది కాబట్టి ఇంకో పొర వెయ్యాలంది. ఎలాస్టిక్ పొద్దస్తమానం చెవుల్ని కోసేస్తుంది, తల వెనక కట్టుకునే నాడాలు పెట్టమంది. ముందు మడతలు కిందికి చూడాలంది.

ఈ వయసులో కొత్తగా కుట్టు నేర్చుకోవడం తనవల్ల కాదని వత్సల ముక్కుసూటిగా చెప్పేసింది.

అది జరిగిన మర్నాడే ఈ కుట్లు విప్పడం.

వత్సల ఆ గుడ్డలన్నీ సంచిలో కుక్కుకుని కాలవ దాటి వెళ్లింది. ఎలీశ్వ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఎవరినడిగి విప్పారు?"

"ముక్కు పక్కన సందుంది వత్సలా. ఇది కట్టుకుని వార్డులోకి వెళ్లడం కంటే ఏదీ కట్టుకోకపోవడమే నయం. కనీసం భయమన్నా ఉంటుంది."

"అవి కట్టుకునేది నా కూతురు. దాని మంచి మీకు నాకంటే ఎక్కువ తెలుసా?"

 మిగిలిన గుడ్డ తిరిగి ఇచ్చెయ్యమంటే, ఎలీశ్వ లేచి, మెట్టుకోసారి ఆగుతూ పైకెళ్లి తెచ్చి ఇచ్చింది.

ఆ రోజు నుంచి వత్సల ఆమెకి పని ఇవ్వలేదు. విప్పినవాటిని మళ్లీ పాత పద్ధతిలోనే కుట్టించి, ఎలీశ్వ కుట్టిన ఆ పదకొండూ వాటిలోనే కలిపి పంపేసింది.

పది రోజులకి ధన్య ఫోన్ చేసింది. వార్డు డ్యూటీ కాబట్టి ఆ పిల్ల ఇంటికి రావడం లేదు, ఆస్పత్రిలోనే ఉంటోంది.

"అమ్మా, ఆ నాడాలవి ఎవరు కుట్టారు? వాటికోసం ఇక్కడ కొట్టుకుంటున్నాం."

మిగతావి వంగితే జారుతున్నాయట. సర్దుకోడానికి చెయ్యి మాటిమాటికీ మొహం మీదికి పోతోందట. నాడాలవి మాత్రం ఒకసారి కడితే సాయంత్రం దాకా కదలవట. రోజూ ఉడకబెట్టి ఉతికి, వంతులేసుకుని కట్టుకుంటున్నారట. ఇకమీదట అన్నీ అలాగే కావాలని నర్సమ్మ నమూనాకి ఒకటి పంపిస్తోందని చెప్పింది.

ఆస్పత్రి జీపులో ఆ మాస్కు వచ్చింది. వత్సల దాన్ని తిరగేసి చూసింది.

మూడు పొరలు. ముక్కు దగ్గర గుడ్డ లోపల సన్నటి తీగ, గుచ్చుకోకుండా దాని రెండు కొసలూ వెనక్కి మడిచి ఉన్నాయి. అంచు చుట్టూ రెండేసి కుట్లు. లోపలి వైపు ఒక్క దారప్పోగు కూడా పైకి లేచి లేదు. ఇరవై రెండేళ్లలో అంత శుభ్రమైన పని తన చేతి నుంచి కూడా రాలేదని ఆమెకి తెలుసు.

ఆ మాటే ఎలీశ్వతో అనాలనుకుంది. ఉడికించిన కర్రపెండలం దుంప, చేపల కూర గిన్నెలో పెట్టుకుని, గుడ్డల మూట చంకనెత్తుకుని కాలవ దాటింది.

వర్కీ మాష్టారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఎలీశ్వ చేచి ఉన్నారా మాష్టారూ?"

వారం కిందట ఊపిరాడకపోతే మేనకోడలు వచ్చి కారులో తీసుకెళ్లిందని ఆయన చెప్పారు. నిన్న సాయంత్రం పోయిందట. ఇప్పుడే ఫోన్ వచ్చిందట.

"ఈ జబ్బేనా?" అంది వత్సల.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఈ జబ్బు కాదమ్మా. ఆవిడకున్నదే ఒక ఊపిరితిత్తి. పాపం, రెండు మెట్లు ఎక్కితే మాట వచ్చేది కాదు. ఎందుకో నాకూ ఇప్పుడే తెలిసింది."

మేనకోడలు ఫోన్లో చెప్పినదంతా ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు. వత్సల మూట దింపడం కూడా మరిచిపోయి విన్నది.

క్షయ ఆస్పత్రిలో మాస్కులు సరిపోని ఒక ఏడాది, రోజూ తన వంతు మాస్కు విప్పి వార్డు ఊడ్చే ఆడపిల్లలకి కట్టి, ఉత్త మొహంతో రోగుల మధ్య తిరిగి, ఆ జబ్బుకి ఒక ఊపిరితిత్తి ఇచ్చేసి, మళ్లీ అదే వార్డుకి వెళ్లి రిటైరయ్యేదాకా పనిచేసిన నర్సు ఆమె.