అల్లుడు బిగించిన గేర్లు

“లారీ నడుపుతున్నారా అల్లుడుగారూ, కొత్త పెళ్లికూతుర్ని నడిపించుకొస్తున్నారా?”

ఇంకా ఊరి పొలిమేర దాటనేలేదు, తండ్రి అప్పుడే మొదలుపెట్టాడు. ఆయనకీ భర్తకీ మధ్య ఇరుక్కుని కూర్చున్న కూతురు కళ్లు మూసుకుంది. తన చెల్లెలి ఊరు చేరేదాకా ఈ సన్నాయి నొక్కులు భరించాల్సిందే.

తండ్రి నలభై ఏళ్లు లారీల మెకానిక్కు. ఇంజను దగ్గితే రోగం చెప్పేవాడని పేరు. ఆ పేరు నెత్తికెక్కి కూర్చుంది. లోకంలో తనకి తప్ప ఇంకెవరికీ స్పానరు పట్టుకోవడం రాదని ఆయన గట్టి నమ్మకం. ఏడాదిగా ఎక్కడికీ కదలడంలేదు. బస్సెక్కమంటే ఆ డ్రైవర్లకి క్లచ్చు తొక్కడం తెలీదంటాడు. కారు మాట్లాడతామంటే, అగ్గిపెట్టెలో నేను కూర్చోనంటాడు. చెల్లెలి కొడుకు పుట్టి పాకుతున్నాడు కూడా, తాత ఇంతవరకూ వాడి మొహం చూడలేదు. రమ్మని ఏడ్చి ఏడ్చి చెల్లెలు ఈమధ్య పిలవడమే మానేసింది.

చివరికి దారి చూపింది భర్తే. అతనికీ ఒక చిన్న మెకానిక్కు షెడ్డుంది, సొంత లారీ ఒకటుంది.

“డిఫరెన్షియల్‌కి కొత్త గేర్లు వేశాను మావయ్యా. పళ్లు ఒకదానికొకటి కుదురుకునేదాకా లోడు లేకుండా మెల్లగా తిప్పాలి. ఎలాగూ తిప్పాలి కాబట్టి అటే పోదాం. మీరు పక్కనుండి చప్పుడు విని చెబితే నాకు ధైర్యం,” అన్నాడు.

ఏం చెడగొట్టారో చూడాలి కదా అంటూ తండ్రి చెప్పులేసుకున్నాడు.

ఇక బండెక్కినప్పట్నించీ పరీక్షే. పినియన్ పళ్లచక్రం ఎంత లోతున కూర్చోబెట్టారు? పళ్లకి రంగు పూసి, తిప్పి, అచ్చు సరిగ్గా మధ్యలో పడిందో లేదో చూశారా, లేక దేవుడిమీద భారం వేసి మూత బిగించేశారా? భర్త అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. అదే తప్పైంది.

“బట్టీ బాగానే పట్టారు. బిగించేది నోటితో కాదుగా,” అన్నాడు తండ్రి.

కొంతదూరం పోయాక భర్త ఒక చెట్టు నీడన లారీ ఆపాడు. కొత్త గేర్లు తొందరగా కాలిపోతాయట, ఆయిల్ పలచబడితే పళ్లు అరిగిపోతాయట, అందుకని మధ్యమధ్య ఆపి చల్లార్చుకుంటూ పోవాలట.

“మా రోజుల్లో బిగించిన పూటే లోడెత్తి ఘాట్‌రోడ్డెక్కించేవాళ్లం. మీ గేర్లకి సుకుమారం ఎక్కువ,” అని గొణుక్కుంటూ తండ్రి దిగాడు. వెనక ఇరుసు మీది గేర్ల డబ్బా ఎంత కాలుతోందో తానే చూస్తానని లారీ వెనక్కి వెళ్లాడు. భర్త ముందు నిలబడి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

ఎంతసేపటికో వచ్చాడు తండ్రి. “ఆయిల్ కారడంలేదు. వింతే,” అన్నాడు.

భర్త మళ్లీ ఆపాడు. మళ్లీ అదే తంతు. ఒకచోట తండ్రి, పినియన్ ముసలమ్మలా మూలుగుతోందన్నాడు. ఇంకోచోట, ఇది చల్లారేలోగా మనవడికి పెళ్లీడొస్తుందన్నాడు. ఎంత వెటకారం చేసినా ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూడకుండా మాత్రం ఉండడు. భర్త ప్రతిసారీ అద్దం తుడుస్తాడు. ఇప్పుడా అద్దం మీద ఈగ వాలినా జారి పడేలా ఉంది.

ఆమెకి భర్త మీద కూడా ఒళ్లు మండింది. మాట పడటానికైనా ఒక హద్దుండాలి. పెళ్లైనప్పట్నించీ ఈయన ఎదురు చెప్పిన పాపాన పోలేదు, ఆయన మెచ్చుకున్న పాపాన పోలేదు. మధ్యలో తన బతుకు అడకత్తెరలో పోకచెక్కైంది.

ఎండ ముదిరింది. భర్త నీళ్లసీసా అందించాడు. తండ్రి వద్దని పక్కన పెట్టేశాడు.

“ఆయన చేత్తో ఇస్తే నీళ్లకి కూడా వంకేనా?” అంది ఆమె. తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇవాళ ఏదో ఒకటి తేల్చేయాలని ఆమె అప్పుడే అనుకుంది. తనకి పుట్టిల్లు లేకపోయినా సరే.

లారీ ఇంటిముందు ఆగగానే చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. తండ్రి చేతుల్లో పిల్లాణ్ణి పెట్టి బావురుమంది. తుడుచుకున్న కళ్లతోనే నవ్వుతూ వంటింట్లోకి పరుగెత్తింది. భర్త సామాను దింపి లోపలికి మోస్తున్నాడు.

“మొత్తానికి చేర్చారు. మా అదృష్టం,” అన్నాడు తండ్రి, అతనికి వినబడేలా.

భర్త తలొంచుకుని లోపలికి వెళ్లాడు. ఆమె వచ్చి తండ్రికి ఎదురుగా నిలబడింది.

“నాన్నా, ఆయనకి ఒక్క మంచి మాట చెప్పు. ఇప్పుడే చెప్పు. చెప్పకపోతే నీ గడప ఇంక తొక్కను,” అంది.

తండ్రి పిల్లాణ్ణి భుజాన వేసుకున్నాడు. గుమ్మం వైపు ఒకసారి చూసి, అల్లుడు దగ్గర్లో లేడని రూఢి చేసుకున్నాకే నోరు విప్పాడు.

“అరవకే పిచ్చిదానా, అందులో ఉన్నవి పాత గేర్లేనని మన వీధి మలుపు తిరక్కముందే నాకు తెలిసిపోయింది, కానీ అరగంటకోసారి ఒంటికి పోక తప్పని ముసలాడి పరువు కాపాడ్డానికి అంత అబద్ధం అల్లి, దారంతా బండి ఆపుకుంటూ తెచ్చినవాణ్ణి నేను తిట్టకపోతే, నేను నమ్మలేదని వాడికి తెలిసిపోదూ?”