తీతువు బదిలీ

ఒక చెరువులోని బాతులు తమకో పెద్దను ఎన్నుకోవాలనుకున్నాయి. నల్లముక్కు బాతుకు ఆ పదవి మీద ఆశ ఉంది కానీ, దాని వెంట నడిచేవాళ్ళు తక్కువ. అప్పుడు ముంగిస దాని దగ్గరకొచ్చింది.

"ఎన్నికయ్యేదాకా మీ పేరున బాతులకు విందు పెట్టండి. ఖర్చంతా నాది. మీరు గెలవండి చాలు," అంది.

ఎన్నిక ముగిసేదాకా గట్టు మీద రోజూ వడ్లు కుప్పలు పడ్డాయి. బాతులు కడుపునిండా తిని నల్లముక్కునే గెలిపించాయి.

మర్నాడే ముంగిస మళ్ళీ వచ్చింది. "రెల్లు ఒడ్డున కాపలా ఉన్న ఆ తీతువు గోల భరించలేకపోతున్నానండీ. దాన్ని అవతలి ఒడ్డుకు మార్చండి."

బాతుల గూళ్ళన్నీ ఆ రెల్లులోనే ఉన్నాయి. శత్రువు కనబడగానే అరిచి బాతులను హెచ్చరించేది ఆ తీతువు పిట్టే. ముంగిసకు గుడ్లంటే ప్రాణమని నల్లముక్కుకు తెలుసు. కాసేపు అటూ ఇటూ ఈదింది. చివరికి తీతువును పిలిపించి, "అవతలి ఒడ్డున నీ అవసరం ఉంది, వెళ్ళు," అని చెప్పింది.

వారం తిరక్కుండానే గూళ్ళలో పెంకులే మిగిలాయి. తల్లి బాతులు ఏడుస్తూ వచ్చి నిలదీశాయి.

"ఆ వడ్లు ముంగిస పెట్టినవే. వాటిని తిననివాళ్ళు మీలో ఎవరున్నారు?" అంది నల్లముక్కు.

తల్లులు తలలు దించుకున్నాయి. గోధుమరంగు బాతు ఒక్కటే ముందుకొచ్చింది.

"నువ్వు పెడుతున్నావనుకుని అందరం తిన్నాం. వాటికి బదులుగా మా గుడ్లను ఇచ్చింది మాత్రం నువ్వే."

ఆ సాయంత్రమే తీతువు ఎవరినీ అడక్కుండా రెల్లు ఒడ్డుకు తిరిగొచ్చి కూర్చుంది. దాన్ని పొమ్మనే ధైర్యం నల్లముక్కుకు లేకపోయింది.