తాడు మీద మిగిలిన క్లిప్పు

"ఇది క్లినిక్కా, బట్టలారేసే పెరడా? విప్పెయ్ ఆ తాడు!" పొద్దున్నే నాన్న ఒంటికాలి మీద లేచారు.

నేను ససేమిరా అన్నాను. నాన్నా నేనూ ఇద్దరం డాక్టర్లమే; మా బల్లల మధ్య ఆ తాడు కట్టింది నేనే. పరీక్షకు పంపిన ప్రతి పేషెంటు పేరుతో దానికో బట్టల క్లిప్పు తగిలిస్తాను. రిపోర్టు మన చేతికొస్తే చాలదు. అందులో ఏముందో ఆ మనిషికి చెప్పాకే క్లిప్పు తీయాలి.

"బాగోకపోతే వాళ్లే వస్తారు. ఇన్నేళ్లూ అలాగే నడిచింది."

"రానివాళ్ల సంగతి మనకెలా తెలుస్తుంది నాన్నా?"

ఆయన విసురుగా ఫోన్ అందుకున్నారు. సాయంత్రానికల్లా అందరికీ చెప్పేసి, తాడు దాదాపు ఖాళీ చేశారు. ఒక్క క్లిప్పు మిగిలింది. దానికేసి చూడకుండానే బ్యాగు సర్దుకున్నారు.

"అదీ చెప్పేసి వెళ్లండి."

"ఆ రిపోర్టింకా రాలేదమ్మా."

"వచ్చింది. మీ సొరుగులో ఉంది. నేను తెరవలేదు. పరీక్ష రాసిచ్చింది మీరు, చెప్పాల్సిందీ మీరే."

ఆయన తాడునే లాగేయబోయారు. చెయ్యి పట్టుకుని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను.

నా పేరున్న క్లిప్పు ఆయన ముందు పెట్టి, వెళ్లి పేషెంట్ల కుర్చీలో కూర్చున్నాను.

"చెప్పండి డాక్టరుగారూ."