సగం చాయ్

“పొట్టకు సంచి కట్టుకొని బతుకుడు నాతోని కాదు. నేను రానని డాక్టర్‌కు చెప్పు.”

వెంకట్రాజం మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆశా వర్కర్ మెహ్జబీన్ ఎప్పటిలాగే అతని పక్కన వచ్చి కూర్చుంది.

రేపు పొద్దున దవాఖానలో చేరాలి. పెద్దపేగు చివర క్యాన్సర్ గడ్డ. ఇప్పుడైతే కోసి తీసేస్తాం, ఆలస్యమైతే మా చేతిలో ఉండదు అన్నాడు డాక్టర్. ఖర్చంతా ఆరోగ్యశ్రీలో పోతుంది. కానీ ఆ తర్వాత మలం పోయే దారి మారుతుంది. పొట్ట మీద చిన్న రంధ్రం, దానికొక సంచి. బతికినన్నాళ్లూ.

“ముందుగాల్నే చూపిచ్చుకుంటే గింత దూరం రాకపోవు కాకా. నెత్తురు పడవట్టి ఏడాదాయె.”

“మొలలనుకున్న. ఈ గల్లీల ఎవ్వన్నడిగినా మొలలే అంటడు. దవాఖాన లైన్ల నిలవడుదునా, మార్కెట్‌ల బస్తాలు మోద్దునా?”

“అవతలి కాలనీలోళ్లు చుక్క నెత్తురు కనవడంగనే ఉరుకుతరు.”

“వాళ్లకు ఇంట్ల లెట్రిన్, అండ్ల లైటు. కనవడ్తది, ఉరుకుతరు. మనకు పదిండ్లకు ఒక్కటి. చీకట్ల ఏం కనవడ్తది బిడ్డా?”



అతని భార్య కట్టమ్మ గ్లాసులో చాయ్ తెచ్చింది. “జర ఆ నీళ్ల బిందెకు ఒక చెయ్యి పట్టు మెహ్జబీన్.”

“నాతోని కాదు చిన్నమ్మా.”

“అపెండిక్స్ ఆపరేషనై రెండేండ్లాయె. ఇంకెన్నొద్దులే నీ నాజూకు?” కట్టమ్మ నవ్వి, బిందె తానే ఎత్తుకుంది.

వెంకట్రాజం సగం చాయ్ ఇంకో గ్లాసులోకి వంచి మెహ్జబీన్ చేతిలో పెట్టాడు. హమాలీల అలవాటు అది. లారీ దించాక బస్తాల మీద భుజాలు ఒరుసుకుంటూ కూర్చుని, ఒక చాయ్ ఇద్దరు పంచుకుంటారు. ఒక్కడే తాగేవాడిని ‘ఏం సేటూ’ అని ఎక్కిరిస్తారు. ఇంటికి ఎవరొచ్చినా వెంకట్రాజం అలాగే వంచి ఇస్తాడు. సర్వేలకని వచ్చే మెహ్జబీన్ వేరే ఇళ్లలో గడప దగ్గరే నిలబడి మాట్లాడి పోతుంది. ఈ ఇంట్లో మాత్రం సగం చాయ్ తాగనిదే కదలదు.

మూడు నెలలుగా మార్కెట్‌లో అతని చోటు ఖాళీ. మిర్చి ఘాటుకు తుమ్ములు, పొగ వాసన పట్టిన చాయ్, తోటి హమాలీ మల్లికార్జున్ బూతు జోకులు. మనిషి ఇంట్లో ఉన్నాడు గానీ పానమంతా అక్కడే ఉంది.

“నలభై ఏండ్లు క్వింటాల్ బస్తాలు మోసినోనికి అరచేతంత సంచి బరువైందా?” లోపలినుంచి కట్టమ్మ దెప్పింది.

“బరువు గాదే, వాసన!”

“వాసన రాదు కాకా. గట్టిగ అతుక్కొని ఉంటది.”

“నీకెట్ల ఎరుక?”

మెహ్జబీన్ చున్నీ సర్దుకుంది. “ట్రైనింగుల చెప్పిండ్రు.”

“మన లెట్రిన్ లైన్ సంగతి గూడ చెప్పిండ్రా? బయట పదిమంది తలుపు గుద్దుతాంటె లోపట సంచి కడుగుమంటవా?”

“చెంబెడు నీళ్లు చాలు. తెల్లారకముందు పోతే లైన్ ఉండది.”

“చెప్పుడు అల్కనే.”

వెంకట్రాజం గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

“వర్ధన్నపేటల ఒకాయనకు గట్లనే సంచి పెట్టిండ్రట. పెండ్లి బంతిల సొంత తమ్ముడే పక్కనుంచి లేసిపోయిండట. సచ్చుడంటే భయం గాదు బిడ్డా. మల్ల బస్తాలు మొయ్యకున్నా మంచిదే. వాటి మీద ఒక్కపారి కూసోవాలె. నా చేతి సగం చాయ్ ఇంకొకడు అందుకోవాలె. గంతే.”

“కూసుంటవ్ కాకా. అందుకుంటరు.”

“అయితే చూపియ్యి. అసుంటి సంచి ఉన్న మనిషి పక్కన కూసొని చాయ్ పంచుకున్నోన్ని ఒక్కన్ని చూపియ్యి. రేపు నీకంటె ముందుగాల నేనే ఆటో ఎక్కుత.”

మెహ్జబీన్ తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. గల్లీలో మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. లోపల కట్టమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. మెహ్జబీన్ గ్లాసు కింద పెట్టి, చున్నీ మీదుగా పొట్టకు ఎడమవైపు అరచేయి ఆనించింది.

“నువ్వే కాకా, రెండేండ్ల సంది.”