మోగని స్లైడు

కళ్ళు లేని మనిషి వచ్చి పిస్టలుకి ఎర్ర చుక్క పెట్టించాలన్నాడు.

క్లెమ్ హార్గిస్‌కి ముందు నవ్వొచ్చింది. వ్యోమింగ్‌లోని ఆ చిన్న ఊళ్ళో పద్నాలుగేళ్ళుగా తుపాకులు బాగుచేస్తున్నాడు. ఇలాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు.

నల్ల కళ్ళద్దాలు, తెల్ల కర్ర, డెబ్భై దాటిన వయసు. పేరు ఆల్విన్ ట్రూయెట్ అన్నాడు. తీసుకొచ్చినవాళ్ళు బయట ట్రక్కులోనే ఉండిపోయారు.

కోటు జేబులోంచి స్లైడు తీసి బల్లమీద పెట్టాడు. పిస్టలు పైభాగం, అదొక్కటే. దాని వీపు మీద ఉక్కు చెక్కి గుంట చేస్తే, అందులో బొటనవేలంత అద్దం పెట్టె కూర్చుంటుంది. గురి చూస్తే ఆ అద్దంలో ఎర్ర చుక్క కనిపిస్తుంది. చూపు మందగించినవాళ్ళకి అదో వరం.

"నాక్కాదులే బాబూ, మా చెల్లెలికి," అన్నాడు ముసలాయన, అడక్కముందే. "దానికి చూపు ఆనడం లేదు."

క్లెమ్ వదిలేసి వెళ్ళమన్నాడు, వారంలో చేసిస్తానన్నాడు.

"ఇక్కడే కూచుంటా. వింటాను."

"ఏం వింటారు?"

"నీ చెయ్యి."

క్లెమ్‌కి ఆ మాట వింతగా తోచింది. అయినా బయట మంచు పడుతోంది, ఆ రోజు వేరే పనీ లేదు. స్టూలు చూపించబోయి, నాలిక కరచుకుని, చెయ్యి పట్టి కూచోబెట్టాడు.

స్లైడుని వైస్ ఇనప దవడల మధ్య బిగించి మిల్లింగ్ మిషను నడిపించాడు. కట్టరు ఉక్కుని పొరలు పొరలుగా తీస్తోంది. ముసలాయన మొహం మిషను వైపు లేదు. క్లెమ్ ఎటు జరిగితే అటు తిరుగుతోంది. ఆ నల్లద్దాలు రెండింటిలోనూ మిషను దీపం వెలుగుతోంది.

రెండో పొరలో ఆయన చెయ్యెత్తాడు. "ఆపు."

క్లెమ్ ఆపాడు. ఎందుకు ఆపాడో తనకే తెలీదు.

"కదిలింది."

కొలత పెట్టి చూశాడు. స్లైడు వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది.

మళ్ళీ బిగించి, పని ముగించి చేతికిచ్చాడు. ముసలాయన గుంటలో గోరు పెట్టి నాలుగు మూలలూ తడిమాడు.

"మూలలు గుండ్రంగా తీశావ్. ఎప్పట్నించి?"

ఎనిమిదేళ్ళయిందన్నాడు క్లెమ్. మొదట్లో పదునుగానే వదిలేసేవాణ్ణనీ, పగుళ్ళు అక్కడే పుడతాయని తర్వాత ఎక్కడో చదివాననీ చెప్పాడు. ముసలాయన తలూపాడు, అడగాల్సింది అయిపోయినట్టు.

లేవబోతూ బల్లమీద చెయ్యి ఆన్చాడు. ఇంకో స్లైడు తగిలింది. అది క్లెమ్ కూతురు రోవెనాది. శనివారం పోటీకి శుభ్రం చేయడానికి విప్పాడు. దాన్నీ పన్నెండేళ్ళ కిందట తనే చెక్కాడు.

ముసలాయన దాన్ని వేలికి తగిలించుకుని గోటితో తట్టాడు. టక్. మళ్ళీ తట్టాడు. టక్. తర్వాత తన స్లైడు తట్టాడు. అది గుడి గంటలా సాగి సాగి మోగింది.

"ఇది మోగడం లేదు బాబూ. పగిలిన కుండ. ఎవరిచేతా పేల్పించకు."

క్లెమ్ భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. గీత కూడా లేదు. ఎవరో దారినపోయేవాడొచ్చి తన చేతిపనికి వంక పెట్టడమా అని ఒళ్ళు మండింది.

"కళ్ళున్నవాడికి కనబడంది మీకేం కనబడింది?" అన్నాడు.

అనేశాక నొచ్చుకున్నాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ముసలాయన మొహంలో కోపం లేదు. "నీ గొంతు ఇంకోలా ఉంటుందనుకున్నాను, ఇన్నాళ్ళూ," అన్నాడు మెల్లగా. కర్ర తాటిస్తూ మంచులోకి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆ టక్‌మనే చప్పుడు క్లెమ్ చెవిలోంచి పోలేదు. కాఫీ కప్పు బల్లమీద పెట్టినా అదే. శుక్రవారం ఇంక ఉండబట్టలేక, పగుళ్ళు పట్టే ఎర్ర రంగు ఆ స్లైడుకి పూశాడు. తుడిచేసి తెల్ల పొడి చల్లాడు.

చూస్తూ ఉండగానే తెల్లటి పొడిలోంచి ఎర్రటి గీత ఊరింది. గుంట మూలనుంచి అంచు దాకా, నెత్తుటి చారలా.

పేలిస్తే ఏదో ఒక గుండుకి స్లైడు వెనక సగం విరిగి, పేల్చినవాళ్ళ మొహం మీదికే వస్తుంది. క్లెమ్ కూతుర్ని కేకేసి పిలిచాడు.

రోవెనా ఆ గీతకేసి చాలాసేపు చూసింది. "ఆయన ఇల్లెక్కడ నాన్నా?" అంది.

శనివారం పోటీ మానేసి, చోక్‌చెర్రీ అనే అడవిపళ్ళ జెల్లీ సీసా ఒకటి పట్టుకుని, రసీదు పుస్తకంలోని చిరునామాకి తండ్రీకూతుళ్ళు నలభై మైళ్ళు వెళ్ళారు. తలుపు తీసింది ముసలాయన చెల్లెలు మార్లా. అన్నయ్య గురువారం పోయాడని చెప్పింది. క్యాన్సరట. రోజులు దగ్గరపడ్డాయని ఆయనకీ తెలుసట.

క్లెమ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తన కూతుర్ని ఆయనే కాపాడాడని చెప్పాడు. తను అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు. ఇంకేం అనాలో తోచక, ఆమె పిస్టలు గురి బాగా కుదిరిందా అని అడిగాడు.

"నా పిస్టలా? ఈ ఇంట్లో తుపాకీ పేలి పన్నెండేళ్ళయింది," అంది మార్లా. "పోయేలోగా ఒక్కసారి మీ పని వినాలని పట్టుబట్టాడు. వినొచ్చిన రోజు కడుపునిండా తిని పడుకున్నాడు."

"నా పనా? ఎందుకు?"

ఆమె క్లెమ్‌ని తేరిపార చూసింది.

"అయితే మీకు చెప్పనేలేదన్నమాట. మమ్మల్నీ ఉత్తరం రాయనివ్వలేదు. కొత్తగా కొట్టు పెట్టుకున్నవాడు, తెలిస్తే పనిమీద చెయ్యి వెయ్యలేడు అనేవాడు."

రోవెనా కళ్ళకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించి ఆ మిగతా మాట కూడా చెప్పింది.

"పన్నెండేళ్ళ కిందట పోస్టులో పంపి మీచేత చెక్కించుకున్న స్లైడే, మా అన్నయ్య కళ్ళు తీసింది."